పొందిన రక్షణ పోవునా?

(ధ్యాన భాగములు: యోహాను 10:27-29, హెబ్రీ. 6:4-10, అపొ. కార్య. 27:21-44)



ఈ నెల మేము ధ్యానమునకు తీసికొనిన ప్రశ్న పుస్తకములలో వెదకి తెచ్చినది కాదు. మా సంఘములోని ఒక అవ్వ దానిని ఏడు సంవత్సరములు కడుపులో దాచుకొని, శ్రమకాలపు దినములలో ఒక రాత్రి మా యెదుట పెట్టినది. అప్పటినుండి అది మమ్మును విడువలేదు. ఆమె సెలవు తీసికొని, పేరు చెప్పక, ఇక్కడ వ్రాయుచున్నాము.

మా గుడిలో ఆమె స్థలము తలుపు ప్రక్కనున్న చివరి చాప. వానయైనను ఎండయైనను ఆదివారము తప్పినది లేదు. వారమంతయు వంటకు బియ్యము కొలుచునప్పుడెల్ల ఒక పిడికెడు తీసి ముంతలో వేసి, ఆదివారమున ఆ ముంత తెచ్చి కానుక బల్లయొద్ద కుమ్మరించును. అయితే సంస్కార ఆదివారమున అందరును ముందునకు వచ్చి మోకరించునప్పుడు ఆమె మాత్రము చెంగు ముఖముమీదికి లాగుకొని తలుపునొద్దనే యుండిపోవును. ముసలి ప్రాణము, మోకాళ్ల నొప్పులు కాబోలు అనుకొంటిమి. రొట్టెయు పాత్రయు మీయొద్దకే తెత్తుమా అని ఒకసారి అడిగితిమి. "వద్దయ్యా" అనెను. అంతటితో ఊరకుంటిమి. కాపరి ఊరకుండుటకు ఎంత చిన్న సాకైనను చాలును.

ఆ రాత్రి వారి యింట ప్రార్థన ముగిసి, కూడినవారు వెళ్లిపోయిరి. మేము చెప్పులు తొడుగుకొనుచుండగా ఆమె గడపయొద్దకు వచ్చి అడిగెను: "అయ్యగారూ, పోగొట్టుకున్న రక్షణ మళ్లీ దొరుకుద్దా?"

ఎవరు పోగొట్టుకొనిరని అడిగితిమి.

"నేనేనయ్యా."

తరువాత కూర్చుండి సంగతి చెప్పెను. ఏడేండ్ల క్రిందట ఆమె మనుమనికి జ్వరము తగిలి పది దినములు దిగలేదు. ఆసుపత్రి మందు వాడుచునే యుండిరి, ప్రార్థన చేయుచునే యుండిరి. పదునొకండవ దినమున పొరుగింటి ఆమె వచ్చి, పోలేరమ్మకు ఒక కోడిని మొక్కుకొమ్మని చెప్పగా, అవ్వ అవుననక కాదనక, పెట్టెలోనుండి డబ్బు తీసి ఆమె చేతిలో పెట్టినది. బిడ్డ లేచి కూర్చుండెను. మందే పనిచేసినదని డాక్టరుగారు చెప్పిరట. అవ్వకు మాత్రము ఆ రాత్రినుండి నిద్ర లేదు. ఆ నెలలోనే మేము హెబ్రీ పత్రిక ఆరవ అధ్యాయముమీద ప్రసంగము చేసితిమి.

"మీరే చెప్పారు గదయ్యా, ఎలుగు చూసి ఎనక్కి పోయినోళ్లకి మళ్లీ మారుమనసు లేదని. నాకోసమే చెప్పారనుకున్నా. ఇంక ఆ బల్ల కాడికి ఏ మొకం పెట్టుకుని రాను?"

ఆ ప్రసంగము మాకు బాగుగ జ్ఞాపకమున్నది. మేము ఈ సంఘమునకు వచ్చిన రెండవ సంవత్సరము. గుడి విడిచి త్రాగుడు వెంట తిరుగుచున్న నలుగురు యువకులను మనస్సులో ఉంచుకొని గొంతెత్తి చెప్పితిమి. ఆ నలుగురిలో ఒక్కడును ఆ ఆదివారము గుడికి రాలేదు.

ఇంకొక మనుష్యుని సంగతియు చెప్పవలెను. ఆయన ముందు వరుసలో కూర్చుండువాడు. గుడికి ఫ్యానులు ఇచ్చినది ఆయనే. తాను రక్షింపబడిన తేదీయు, కూటము జరిగిన స్థలమును తన బైబిలు అట్టలోపల ఎఱ్ఱసిరాతో వ్రాసికొనియున్నాడు. ఐదు రూపాయల వడ్డీకి అప్పు లిచ్చును. విధవరాలైన ఒక సహోదరి అరయెకరము ఆయన ప్రోనోటు క్రింద చిక్కుకొని యుండగా, ఆ విషయము మాటలాడుటకు మేము వెళ్లితిమి. ఆయన కోపపడలేదు. నవ్వుచు బైబిలు తెరచి ఆ తేదీ చూపించెను. "తండ్రి చేతిలోనుంచి ఎవడూ లాక్కోలేడని మీరే గదండీ పోయిన నెల చెప్పింది. వడ్డీ సంగతి వేరు, రక్షణ సంగతి వేరు అయ్యగారూ" అనెను.

చూచితిరా, ఇద్దరును మా మాటలనే మాకు తిరిగి అప్పగించిరి. ఆయన వినవలసిన అధ్యాయము ఆమె విన్నది; ఆమె వినవలసినది ఆయన విన్నాడు. ఒకే సీసాలలోని మందులు, రోగులు మాత్రము తారుమారైరి. ఈ తారుమారు మా సంఘములోనే జరుగునని మేము అనుకొనము.

ఇప్పుడు వాక్యమును చూతము. ఒక ప్రక్క వాగ్దానములున్నవి. తన గొఱ్ఱెలు తన స్వరము వినునని, తనను వెంబడించునని, వాటిని తన చేతిలోనుండియు తండ్రి చేతిలోనుండియు లాగుకొనగలవాడు ఎవడును లేడని ప్రభువు సెలవిచ్చెను. మరణముగాని జీవముగాని, ఉన్నవిగాని రాబోవునవిగాని మనలను దేవుని ప్రేమనుండి ఎడబాపజాలవని పౌలు రోమా సంఘమునకు వ్రాసెను. ఫిలిప్పీ సంఘమునకు వ్రాయుచు, మీలో పని మొదలుపెట్టినవాడే దానిని ముగించునని ధైర్యము చెప్పెను. రెండవ ప్రక్క హెచ్చరికలున్నవి. ద్రాక్షావల్లిలో నిలువని తీగె ఎండిపోయి అగ్నిలో వేయబడునని చెప్పినవాడును ఆ ప్రభువే. ఇతరులకు ప్రకటించిన తరువాత తానే పనికిరానివాడగుదునేమో అని తన దేహమును లోపరచుకొనినవాడును ఆ పౌలే. హెబ్రీ పత్రికలో ఆరవ అధ్యాయమును పదవ అధ్యాయమును మీరే చదువుకొనుడి. వాటిని మెత్తబరచుటకు మాకు అధికారము లేదు.

ఈ రెండు ప్రక్కలలో ఒకదానిని గట్టిగా పట్టుకొని, రెండవదానికి ఏదో యొక అర్థము చెప్పి దాటిపోవుట సులభము. వేదాంత పాఠశాలలో చదువుకొనిన దినములలో మేమును ఈ సంగతిమీద లాంతరు ఆరిపోవువరకు వాదించుకొంటిమి. ఒకరు కల్విను, ఒకరు వెస్లీ. ఆ వాదములలో గెలుచుటయే గాని, తలుపు ప్రక్క చాపమీద కూర్చున్నవారు ఎవరును మా కండ్లయెదుట లేరు.

ఈ ప్రశ్న సంఘమునకు క్రొత్తది కాదు. 250వ సంవత్సరములో రోమా చక్రవర్తియైన డెసియసు, తన రాజ్యములోనివారందరును దేవతలకు బలి అర్పించి, అర్పించినట్లు అధికారుల యొద్ద పత్రము పొందవలెనని ఆజ్ఞ యిచ్చెను. అట్టి పత్రములు కొన్ని ఐగుప్తు ఇసుకలో దొరికినవి. వాటిని నేటికిని చూడవచ్చును. చెరసాలకును మరణమునకును ఓర్చినవారు కలరు. అయితే అనేకులు భయపడి బలి యర్పించిరి. కొందరు చిటికెడు ధూపము వేసిరి. మరికొందరు బలి అర్పింపకయే లంచమిచ్చి పత్రము కొనుక్కొనిరి. హింస చల్లారిన తరువాత వీరందరును ఏడ్చుచు సంఘద్వారమునకు తిరిగి వచ్చిరి. ఏమి చేయవలెను?

రోమాలో నొవాషియను అను పెద్ద వీరిని దేవుడు క్షమించునేమో గాని సంఘము చేర్చుకొనరాదనెను. అతడు చెడ్డవాడు కాడు. సంఘము పరిశుద్ధముగా నుండవలెనని కోరినవాడు. కార్తేజీలో సిప్రియను అను అధ్యక్షుడు వేరుగా తలంచెను. వెంటనే చేర్చుకొనుటయు తప్పే, ఎన్నటికిని చేర్చుకొనకుండుటయు తప్పే అనెను. 251లో అధ్యక్షులు కార్తేజీలో కూడి, పడినవారి సంగతి ఒక్కొక్కరిది విచారించి, పశ్చాత్తాపమును పరీక్షించి, తిరిగి బల్లయొద్దకు తేవలెనని తీర్మానించిరి. మరుసటి సంవత్సరము మరల హింస రానున్నదని తోచినప్పుడు, పశ్చాత్తాపములో నిలిచియున్నవారిని ఇక ఆలస్యము చేయక చేర్చుకొనిరి. యుద్ధమునకు పోవువారిని ఆహారము లేక పంపుట ఎట్లని వారి తలంపు. ఆ సిప్రియను హింసారంభములో దాగుకొనియున్నాడని నిందింపబడినవాడు. 258లో క్రీస్తుకొరకు తల యిచ్చెను.

మా అవ్వ ఇచ్చిన కోడి డబ్బును, ఆ చిటికెడు ధూపమును ప్రక్క ప్రక్కన పెట్టి చూచితిమి. పదిహేడు వందల సంవత్సరములకు పైగా గడచినను భయము ఒక్క విధముగానే పనిచేయును.

తరువాతి కాలములో పండితుల వాదములు పెరిగినవి. అగస్టీను తన కడపటి సంవత్సరములలో, అంతమువరకు నిలుచుటయే దేవుని వరమని వ్రాసెను. అయితే ఆ వరము తనకున్నదని ఈ లోకములో నిశ్చయముగా చెప్పగలవాడు ఎవడును లేడనెను. లూథరను సంఘములవారి 1530 ఆగ్సుబర్గు ఒప్పుకోలులో పండ్రెండవ అంశము మాకు మిక్కిలి యిష్టము. ఒకసారి నీతిమంతుడుగా తీర్చబడినవాడు పరిశుద్ధాత్మను పోగొట్టుకొనలేడను వారిని అది ఖండించును. బాప్తిస్మము తరువాత పడి తిరిగి వచ్చినవానికి క్షమాపణ లేదను నొవాషియను వారిని కూడ ఆ అంశములోనే ఖండించును. మా ఇద్దరు సంఘస్థులకును చెప్పవలసినది ఒకే అంశములో నున్నది.

హాలెండు దేశములో 1610లో అర్మీనియసు శిష్యులు అయిదు అంశములు వ్రాసిరి. నిజ విశ్వాసి పడిపోగలడా అను సంగతివద్దకు వచ్చునప్పటికి, దీనిని లేఖనములనుబట్టి ఇంకను పరిశోధింపవలసియున్నదని ఒప్పుకొనిరి. మాకు ఆ ఒప్పుకోలునందు గౌరవము కలదు. 1618-19లో డార్టు సభ వారికి విరోధముగా, దేవుడు ఏర్పరచుకొనినవారు కడవరకు కాపాడబడుదురని తీర్మానించెను. కల్విను మార్గమువారి వెస్ట్‌మినిస్టరు ఒప్పుకోలు మాత్రము, నిజ విశ్వాసులు కొంతకాలము ఘోరమైన పాపములలో పడగలరని, తమ నిశ్చయమును పోగొట్టుకొనగలరని కూడ చెప్పుచున్నది. దానిని ఎఱ్ఱసిరా తేదీకి ఆధారముగా చూపువారు ఆ భాగము చదువరు. వెస్లీగారు విశ్వాసి పడిపోగలడని గట్టిగా నమ్మెను. అయితే పడిన తరువాత తిరిగి లేచినవారిని వేలకొలది తాను ఎరుగుదునని సాక్ష్యమిచ్చెను. ఇట్టి సంగతులమీదనే ఆయనయు వైట్‌ఫీల్డుగారును విడిపోయిరి. 1770లో వైట్‌ఫీల్డుగారు మరణించినప్పుడు లండనులో ఆయన జ్ఞాపకార్థము ప్రసంగించినది వెస్లీగారే.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఆంగ్లికనులును, మెథడిస్టులును, ప్రెస్బిటేరియనులును, కాంగ్రిగేషనలిస్టులును ఒకే బల్లకు వచ్చిరి. అనగా కల్విను బిడ్డలును వెస్లీ బిడ్డలును ఒక యింటివారైరి. మన తెలుగు దేశములో ఇండ్లలో కూడ ఇట్లే జరుగుచున్నది. బాప్టిస్టు పిల్ల లూథరను యింటికి కోడలుగా వచ్చును. అత్తాకోడండ్రు పొయ్యియొద్ద ఈ ప్రశ్నను వాదించుకొందురు. కూర మాడిపోవుటయే గాని వాదము తెగదు.

వాదము పండితులకు విడిచి, హెబ్రీ ఆరవ అధ్యాయమును మరల ఒకసారి చదువుదము. ఆ పత్రిక ఎవరికి వ్రాయబడెను? తమ ఆస్తి దోచుకొనబడినను సంతోషముతో ఓర్చుకొనినవారికి, చెరలోనున్న సహోదరులను ఆదరించినవారికి. అది పదవ అధ్యాయములో నున్నది. ఇప్పుడు వారు అలసిపోయి, క్రీస్తును విడిచి పాత మార్గమునకు మరలుదుమా అని ఆలోచించుచున్నారు. ఒక రాత్రి భయపడి కాలు జారుట కాదు. తెలిసి, నిదానముగా, ఆయన వద్దని వెళ్లిపోవుటను గూర్చి అక్కడ చెప్పబడినది. దేవుని కుమారుని మరల సిలువ వేయుచున్నారను మాట గ్రీకు భాషలో జరుగుచునే యున్న క్రియను తెలుపు రూపములో నున్నది. అట్లు చేయుచున్నంత కాలము మారుమనస్సు అసాధ్యమని కొందరు పండితులు అర్థము చెప్పుదురు. అందరును దానికి ఒప్పుకొనరు. మేమును దానిమీదనే ఇల్లు కట్టము. మరియొక సంగతి దానికంటె తేటగా నున్నది. ఆ వచనములు మారుమనస్సు పొందింపశక్యము కానివారిని గూర్చినవి. మారుమనస్సు కొరకు ఏడేండ్లు ఏడ్చినవారు ఆ వచనముల క్రిందికి ఎట్లు వత్తురు? తిరిగి రాలేనివాడు తిరిగి వచ్చుటకు దారి అడుగునా?

ఆ తరువాతి వచనములు కూడ చదువవలెను. వాన త్రాగి మంచి పైరు నిచ్చు భూమిని, ముండ్లు గచ్చతీగెలు నిచ్చు భూమిని పోలికగా చెప్పి, గ్రంథకర్త వెంటనే స్వరము మార్చును. మేమిట్లు చెప్పుచున్నను మీ విషయమై మంచివాటినే నమ్ముచున్నామని, మీరు పరిశుద్ధులకు చేసిన ఉపచారమును దేవుడు మరచువాడు కాడని చెప్పును. మేము ఆ ప్రసంగములో ఎనిమిదవ వచనముతో ఆపి ఆమేన్ చెప్పితిమి. తొమ్మిదవ వచనము చదివియుంటే అవ్వ ఏడేండ్లు తలుపునొద్ద ఉండకపోయెను. ఆ పిడికెడు బియ్యము ముండ్ల పొలములో పండినది కాదు.

వాగ్దానమును హెచ్చరికయు ఎట్లు పొసగునో మాకు కొంత చూపించినది వాదము కాదు. అపొస్తలుల కార్యములలోని ఓడ ప్రయాణము. పౌలు ఖైదీగా రోమాకు పోవుచున్న ఓడ తుపానులో చిక్కుకొనెను. సూర్యుడుగాని నక్షత్రములుగాని కనబడని దినములు అనేకములు గడచెను. అప్పుడు దేవుని దూత రాత్రివేళ పౌలుయొద్ద నిలిచి, ఓడలోనివారందరి ప్రాణములును అతనికి అనుగ్రహింపబడినవని చెప్పెను. పౌలు ఆ మాట అందరికిని తెలిపెను: ఓడయే పోవును, ఒక్క ప్రాణమును పోదు. ఇది దేవుని వాగ్దానము. దీనిలో 'అయితే', 'గియితే' అను మాట లేదు.

పదునాలుగవ రాత్రి నావికులు భూమి దగ్గరపడుచున్నదని గ్రహించి, లంగరులు వేయుచున్నట్లు నటించి, చిన్న పడవను నీటిలోనికి దించి పారిపోజూచిరి. అప్పుడు పౌలు ఏమనెను? దూత చెప్పినాడు గదా, వీరు పోయినను మనకేమి, పడుకొందము అనెనా? శతాధిపతిని పిలిచి, వీరు ఓడలో ఉండకపోయినయెడల మీరు తప్పించుకొనలేరని గట్టిగా చెప్పెను. సైనికులు పడవ త్రాళ్లు కోసివేసిరి. ఆ హెచ్చరిక వట్టి బెదిరింపు కాదు. నావికులు పోయియుంటే నడుపువాడు లేక ఓడలోనివారు చత్తురు. ఆ వాగ్దానము వట్టిదియు కాదు. రెండువందల డెబ్బది ఆరుగురును ఒడ్డు చేరిరి. దేవుడు తన వాగ్దానమును ఆ హెచ్చరిక ద్వారానే నెరవేర్చెను. సైనికుల చేతిలోని కత్తియు ఆయన వాగ్దానములోనిదే.

ఇది ప్రాణములు ఒడ్డు చేరిన సంగతిగాని నిత్యజీవమును గూర్చిన వివరణ కాదని ఎవరైన అనవచ్చును. నిజమే. అయినను రెండు మాటలును ఒకే నోట, ఒకే ఓడలో, ఒకరితో నొకరు పోట్లాడక ఎట్లు నిలిచెనో అది చూపుచున్నది. ఇంకొక సంగతి మాకు ఆదరణగా నున్నది. ఒడ్డు చేరినవారిలో ఈదగలవారు కొందరే. మిగిలినవారు పలకలమీదను ఓడ చెక్కలమీదను కొట్టుకొనివచ్చిరి.

పడినవారి పేర్లను కూడ వాక్యము దాచలేదు. పౌలు ఫిలేమోనుకు వ్రాసినప్పుడు జతపనివారని చెప్పిన వరుసలో మార్కు పేరును దేమా పేరును రెండును కలవు. మార్కు అంతకు ముందే పంఫూలియలో పౌలును విడిచి యెరూషలేమునకు తిరిగిపోయినవాడు. ఆ సంగతి పౌలునకు ఎంత కష్టము కలిగించెననగా, దానికొరకు బర్నబాతో విడిపోయెను. సంవత్సరములు గడచిన తరువాత తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక కడపటి అధ్యాయములో, దేమా ఇహలోకమును స్నేహించి విడిచిపోయెనని పదవ వచనములో దుఃఖముతో చెప్పుచు, పదునొకండవ వచనములో మార్కును వెంటబెట్టుకొని రమ్ము, అతడు నాకు పనికివచ్చువాడనుచున్నాడు. మొదట విడిచినవాడు తిరిగి వచ్చెను. చాలకాలము నిలిచినవాడు వెళ్లిపోయెను. దేమా మొదటినుండియు తాలు గింజయా, లేక గట్టి గింజయై యుండి తరువాత చెడినదా? కల్విను మార్గమువారు మొదటిది అందురు. యోహాను మొదటి పత్రిక రెండవ అధ్యాయము, మనలోనుండి బయలువెళ్లినవారు మన సంబంధులు కారని చెప్పుచున్నది గదా అందురు. వెస్లీ మార్గమువారు ద్రాక్షావల్లిలోని తీగెను చూపింతురు. వల్లిలో లేనిదే దానినుండి కోయబడుట ఎట్లు అందురు. గింజను చేతపట్టి లోపల చూచువాడు దేవుడే. తూర్పారబట్టువాడు ఆయన, మేము కళ్లము ఊడ్చువారము మాత్రమే.

మనస్సులో కలుగు నిశ్చయము పోయినంతమాత్రమున రక్షణ పోయినట్లా? ఇంగ్లాండు దేశపు కీర్తనకారుడైన విలియము కౌపరుగారి చరిత్ర ఇక్కడ చెప్పదగినది. జాన్ న్యూటనుగారితో కలిసి 1779లో అచ్చైన ఓల్నీ కీర్తనల గ్రంథమునకు పాటలు వ్రాసినవాడు ఆయన. 1773లో ఆయనకు మనోవ్యాధి తిరుగబెట్టి, దేవుడు తనను త్రోసివేసెనని ఒక కలలో నిశ్చయించుకొనెను. అదిమొదలు గుడికి పోలేదు. 1800లో మరణించువరకు ఆ నమ్మకము ఆయనను విడువలేదు. ఇరువదియేడు సంవత్సరములు! తనకు రక్షణ లేదని నమ్మినవాని కీర్తనలు పాడుచు ఎందరు రక్షణానందము పొందిరో లెక్కలేదు. న్యూటనుగారు ఆయనను పడిపోయినవానిగా ఎంచలేదు, రోగిగా ఎంచెను. కడవరకు సహోదరుడనియే పిలిచెను. మేమును అట్లే తలంచుచున్నాము. జ్వరమువచ్చినవాని నోటికి అన్నము చేదుగా నుండును. అన్నములో చేదు లేదు. మన సంఘములలోను ఇట్టి దిగులుతో బాధపడువారున్నారు. వారిని వాక్యములతో కొట్టక, కనిపెట్టుకొనియుండుడి. వైద్యునియొద్దకు తీసికొనిపోవుటకు సిగ్గుపడకుడి.

అయితే మీ మాట ఏమి, పోవునా పోదా అని మీరు అడుగుదురు. మేము నమ్మునది చెప్పెదము. క్రీస్తును పట్టుకొనియున్నవానిని ఆయన చేతిలోనుండి సాతానైనను, వ్యాధియైనను, వాని సొంత బలహీనతయైనను లాగలేదు. ఒకడు పడినందువలన ఆయన విడిచిపెట్టును అనుకొనుట ఆయనను ఎరుగకపోవుటయే. అయితే ఆయన స్వరము వినక, వెంబడింపక, ఆయన చేయి అక్కరలేదని నడుచుకొనువాడు ఆ వాగ్దానమును తనదని చెప్పుకొనుటకు మేము ఆధారము చూడము. గొఱ్ఱెలు స్వరము వినునను మాట వాగ్దానముకంటె ముందే యున్నది. తప్పు చేసినవాడు తప్పిపోయినవాడు కాడా అని మాకును కొన్ని రాత్రులు సందేహము కలుగును. ఆ రాత్రులలో తేదీలను చూచుకొనము. ప్రభువును నేడు పిలుచుచున్నామా లేదా అనియే చూచుకొందుము. కల్వినును వెస్లీయు మా పల్లెకు వచ్చినను, ఆ వడ్డీ పెద్దమనిషితో ఒకే మాట చెప్పుదురు, అవ్వతోను ఒకే మాట చెప్పుదురు. పడిపోయెనని ఒకరు, మొదటినుండి లేడని ఒకరు ఆయనను గూర్చి తగవుపడినను, నేడే తిరుగుమనుటలో తగవుపడరు.

ఆయనయొద్దకు మరల వెళ్లితిమి. ప్రభువా ప్రభువా అని పిలిచి, ఆయన నామమున గొప్ప పనులు చేసినవారితో ప్రభువు తీర్పు దినమున ఏమనునో మత్తయి సువార్త ఏడవ అధ్యాయములో చదివి వినిపించితిమి. అక్కడ ప్రభువు మిమ్మును ఎరిగి మరచితినని అనడు. ఎన్నడును ఎరుగనని అనును. ఈసారి ఆయన నవ్వలేదు. "మీరు బెదిరిస్తున్నారండీ" అనెను. అవును, మీకొరకు భయపడియే బెదిరించుచున్నామని చెప్పితిమి. ఇప్పుడు ఆయన ముందు వరుసలో కూర్చుండుట మానెను. మధ్య వరుసలో కూర్చుండుచున్నాడు. అది కోపమో మరేమో తెలియదు. ఆ ప్రోనోటు ఇంకను ఆయన పెట్టెలోనే యున్నది. ఆయనకొరకును, ఆ విధవరాలి అరయెకరముకొరకును ప్రార్థించుడి.

అవ్వ ఇంట ఆ రాత్రి మొట్టమొదట మేము ఆమెను క్షమాపణ వేడుకొంటిమి. "అయ్యో, మీరెందుకయ్యా" అని ఆమె కంగారుపడెను. తరువాత లూకా సువార్త ఇరువది రెండవ అధ్యాయము చదివితిమి. పేతురు పడకముందే ప్రభువు అతనికొరకు ప్రార్థించెను. నీవు తిరిగిన తరువాత నీ సహోదరులను స్థిరపరచుమని పని కూడ అప్పగించెను. తిరిగిన తరువాత అనెను గాని తిరిగినయెడల అని అనలేదు. పేతురు ఆయనను ఎరుగనని మూడుమారులు చెప్పుచుండగనే కోడి కూసెను. ప్రభువు తిరిగి అతనివైపు చూచెను. యూదాయును పస్తాయించెను; కాని అతడు తన డబ్బు తీసికొని యాజకులయొద్దకు పోయెను, ప్రభువునొద్దకు రాలేదు.

అవ్వ చాలసేపు మాటలాడలేదు. "కోడి కూసినాక గూడా చూశాడాయ్యా?" అని అడిగెను.

కూసిన తరువాతనే చూచెనని చెప్పితిమి.

"నా కథలోనూ కోడే గదయ్యా" అని, నోటికి చెంగు అడ్డము పెట్టుకొని, ఏడ్చెనో నవ్వెనో మాకు తెలియలేదు.

ఆ తరువాతి సంస్కార ఆదివారమున అందరును వచ్చి మోకరించిన పిమ్మట, తలుపు ప్రక్క చాప కదలెను. ఆ జ్వరపు బిడ్డయే, ఇప్పుడు పదుమూడేండ్ల వాడు, మోచేయి పట్టుకొని నడిపించుకొని వచ్చెను. ఆమె వరుస చివర మోకరించుటకు కొంతసేపు పట్టెను; మేము కనిపెట్టుకొనియుంటిమి. చెంగు తలమీదనే యున్నది, ముఖముమీద లేదు. పాత్ర అందించునప్పుడు వణకినది మా చేయి. ఆమె తన చేతితో పాత్ర అడుగు పట్టుకొనెను.